మూలమొక్కటి, ప్రతులు పెక్కు



ఈ సాయంకాలము మీతో ముచ్చటింపనెంచిన విషయము పేరునకు క్రొత్తదే గాని, దాని లోపలి చిక్కు మీకందఱకును చిరపరిచితమైనది. ఒకచోట వ్రాసిన సంగతిని పెక్కు వెబ్‌సైట్లలో కనబడునట్లు చేయుట యెట్లు? చేసిన పిమ్మట మూలములో ఒక దిద్దుబాటు జరిగినచో అది తక్కిన చోట్లకు చేరుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగ విషయము. వెబ్‌సైటు అనగా, మీ మనుమడో మనుమరాలో చేతి ఫోనులో ఊరి పేరు కొట్టి మీకు చదివి వినిపించెడి పుటల సమూహము. దానిని సైటు అని పొట్టిగా పిలుచుచున్నారు. నేనును అట్లే పిలిచెదను.

ప్రతికిని మూలమునకును నడుమ పుట్టెడి తగవు తాటియాకుల నాటినుండియు నున్నది. ఒక లేఖకుడు భాగవతమునకు ప్రతి వ్రాసెను. ఆ ప్రతిని చూచి మఱియొకడు వ్రాసెను. మొదటివాని కన్ను జాఱిన చోట అక్షరమొకటి పోయెను. రెండవవాడు ఆ లోపమును తన తెలివితో పూరించెను. మూడవవాని కాలమునకు పద్యము పూర్తిగా మాఱిపోయెను. బ్రౌను దొరగారు వేమన పద్యములను 1829వ సంవత్సరమున మదరాసులో అచ్చువేయించుటకు ముందు ప్రతులను పెక్కింటిని సేకరించి, ఒకదానితో నొకటి పోల్చి చూడవలసి వచ్చెను. వేమన వ్రాసిన మూలమేదో చెప్పగల ప్రతి యొక్కటియు లేకుండుటయే ఆ శ్రమకు కారణము. ప్రతులు కావలసినన్ని యున్నవి. మూలముతో వానికి గల లంకె యొక్కటే తెగిపోయినది.

కరణముగారి లెక్కల సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. 1984లో ఆంధ్రప్రదేశమునందు కరణీకములు తొలగింపబడువఱకు ఊరి భూమి లెక్క ఊరిలోనొకటి, తాలూకా కచేరిలోనొకటి యుండెడిది. ఊరి లెక్కలో పేరు మాఱి కచేరి లెక్కలో మాఱనియెడల, ఆ రెండు పుస్తకముల నడుమనున్న యెకరము కొఱకు అన్నదమ్ములు న్యాయస్థానముల మెట్లెక్కిరి. తీర్పు చెప్పువారు మొట్టమొదట అడుగునది, రెండింటిలో ఏది ప్రమాణమని.

ఈ రేడియోనే చూడుడు. ఒకప్పుడు ఢిల్లీలో ఒకరు తెలుగువార్తలు చదువుచుండగా, హైదరాబాదు విజయవాడ మొదలగు కేంద్రములు వానిని అందుకొని తమ తమ శ్రోతలకు వినిపించెడివి. అందులో ప్రతి యనునది లేదు. చదువువారు నాలుక తడబడి మరల సరిగా పలికినచో, ఆ సవరణ అన్ని యూళ్లలోను అదే క్షణమున వినబడును. కాని యీ ప్రసంగమే పుస్తకముగా అచ్చుపడిన పిమ్మట అందులో నొక తప్పు దొరలినయెడల, వెనుకనొక తప్పొప్పుల పట్టిక అంటించుటకన్న ముద్రాపకుడు చేయగలిగినది లేదు. అప్పటికే అమ్ముడుపోయిన పుస్తకములను వెదకికొని ఆ పట్టిక పోదు. వెబ్‌సైట్లలో రేడియో పద్ధతియు కలదు, పుస్తకపు పద్ధతియు కలదు. పైకి చూచువానికి రెండును ఒక్కతీరుగానే కనబడుటవలననే చిక్కు పుట్టుచున్నది.

నేనెఱిగిన యొక సంగతి చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట ఒక జిల్లాలోని ధర్మకంటివైద్యశాల వారికి ఒక ప్రధానమైన సైటును, వారు సేవచేయు ఏడు గ్రామములకు ఏడు చిన్న సైట్లును ఉండెడివి. ఆ గ్రామములందు చదువుకొన్న యువకులు వానిని చూచుకొనుచుండిరి. ఒక ఆదివారము శుక్లముల శస్త్రచికిత్సకు మనుష్యులను ఎంపికచేసెడి శిబిరము జరుగునని ప్రధానమైన సైటులో ప్రకటన వెలువడెను. ఏడు గ్రామములవారును దానిని యథాతథముగా ఎత్తి తమ సైట్లలో వ్రాసికొనిరి. ఇంతలో వైద్యుని రాక ఒక వారము వెనుకకు జరిగెను. ప్రధానమైన సైటులో తేదీ దిద్దిరి. రెండు గ్రామములవారు చూచుకొని తామును దిద్దుకొనిరి. తక్కిన యైదింటిలో పాత తేదీయే నిలిచిపోయెను.

ఆ ఆదివారము తెల్లవాఱక మునుపే ఆ యైదు గ్రామములనుండి ముసలివారు ఆటోలలో బయలుదేఱి వచ్చిరి. ఒక కంటితోనే చూచువారు, రెండు కండ్లును మసకబాఱినవారు, మనుమల భుజముపై చేయివేసి నడచువారు. వైద్యశాల తలుపునకు తాళము వేసియున్నది. కావలివాడు శిబిరము వచ్చు వారమని చెప్పగా, ఒక వృద్ధుడు, "మా ఊరి సైటులో ఇయ్యాళ్ళే అని ఉంది గదయ్యా, మా పిల్లవాడు చదివి చెప్పినాడు" అని పలుమాఱు చెప్పెనట. వారిలో కొందఱు మరుసటి వారము మరల రాలేదు. ఆటో కూలి రెండవమాఱు పెట్టుకొనుటకు వారికి శక్తి లేకపోయెను. అంతవఱకు ఆ సైట్లతో నాకు సంబంధము లేదు. ఇట్లెందుకు జరిగినదో చూచి చక్కజేయుమని ఆ పిమ్మట నన్ను పిలిచిరి.

నేను చూడగా ఎవరును దురుద్దేశముతో చేసినదేదియు కనబడలేదు. యువకులు శ్రద్ధగలవారే. వారు చేసిన పని పేరు నకలు. ప్రకటనను ఒకచోటనుండి ఎత్తి మఱియొకచోట అతికించిరి. అతికించిన మఱుక్షణమున ఆ వ్రాతకు తల్లితో బంధుత్వము తీఱిపోయినది. తల్లివద్ద ఏమి మాఱినదో బిడ్డకు తెలియదు. బిడ్డలు ఎందఱున్నారో తల్లికిని తెలియదు.

ఆ యెనిమిది సైట్లును వర్డుప్రెస్ అను సాధనముతో కట్టినవి. దీనిని గుఱించి రెండు మాటలు చెప్పవలెను. కంప్యూటరు భాష తెలియనివాడును ఉత్తరము వ్రాసినంత సులభముగా సైటులో వ్రాయుటకు, దిద్దుటకు, చెఱపుటకు వీలుకల్పించు సాధనములు కొన్ని కలవు. అందులో మిక్కిలి వ్యాప్తికెక్కినది వర్డుప్రెస్. మిషెల్ వాల్‌ద్రిగీ యను నతడు చేసిన బీ2 అను సాధనము ఆలనపాలన లేక నిలిచిపోగా, అమెరికాకు చెందిన మ్యాట్ ముల్లెన్‌వెగ్, ఇంగ్లాండునకు చెందిన మైక్ లిటిల్ దానిని ఆధారముగా గైకొని 2003వ సంవత్సరము మే 27వ తేదీన దీనిని వెలువరించిరి. దీనికి వెల లేదు. ఎవరైనను వాడుకొనవచ్చును, విప్పి చూడవచ్చును, మార్చుకొనవచ్చును. నేడు లోకములోని సైట్లలో 100కి 40కి పైగా దీనిమీదనే నడచుచున్నవని లెక్కించువారు చెప్పుచున్నారు.

దీనికి తగిలించుకొనెడి చిన్న పనిముట్లను ప్లగిన్ అందురు. తెలుగు మాట కల్పింపవచ్చును గాని, కల్పించిన మాటను మరల వివరింపవలసివచ్చును గనుక ప్లగిన్ అనియే అనుచున్నాను. గొఱ్ఱునకు జడ్డిగము తగిలించినట్లు. గొఱ్ఱు చాలు తీయును గాని గింజ వేయదు. జడ్డిగములో గింజలు పోసినచో అవి గొట్టములగుండ దిగి ఒక్కమాఱే అన్ని చాళ్లలోను పడును. పోయునది ఒక్క చేయి, ఒక్క గిన్నె. చాళ్లు మాత్రము పెక్కు. నేను చెప్పబోవు ప్లగిన్ చేయునది సరిగా ఈ పనియే.

దానికి ముందు నేల సిద్ధము చేయవలెను. వర్డుప్రెస్‌లో 2010వ సంవత్సరము జూను నెలలో వెలువడిన 3.0 అను కూర్పునుండి, పెక్కు సైట్లను ఒకే గృహమున నుంచెడి యేర్పాటు చేరినది. అంతకుముందు ఇది వేఱొక సాధనముగా నుండెడిది. దీనికి మల్టీసైట్ అని పేరు. ఉమ్మడి కుటుంబము వంటిదే యిది. ఇల్లొకటి, పెరడొకటి, పెద్దతలుపొకటి. కాని కోడండ్రకు ఎవరి గది వారిది, ఎవరి పెట్టె వారిది. సాధనము ఒక్కమాఱు నిలిపిన చాలును. వ్రాయువారి పేర్ల జాబితా అందఱకును ఉమ్మడి. ప్రతి సైటునకును దాని వ్రాతలుంచుకొనుటకు వేఱు అఱలుండును. ఒక గదిలోని వస్తువు మఱియొక గదిలో తనంతట తాను కనబడదు. ఉమ్మడి యింటిలోనున్నంత మాత్రమున అన్నియు అందఱవియు కావు గదా! ఒక గదిలోని వ్రాత వేఱొక గదిలోనికి పోవుటకు నడిపించెడివాడొకడు కావలెను. ఇట్టి ప్లగిన్లు కొన్ని యున్నవి. నేను వాడినది టెన్అప్ అను సంస్థవారు చేసి, వెల లేకుండ అందఱకును విడిచిపెట్టిన డిస్ట్రిబ్యూటర్ అనునది.

దీని పనితీరు ఇట్లుండును. ప్రధానమైన సైటులో ప్రకటన వ్రాసి ప్రచురించిన పిమ్మట, పైన నొక పట్టీలో దాని పేరు కనబడును. దానిని నొక్కి, ఈ వ్రాతను ఏయే సైట్లకు పంపవలెనో గుర్తుపెట్టి, పంపుమనవలెను. అంతట ఆ సైట్లలో ఒక్కొక్క ప్రతి వెలయును. లేక ఆ గ్రామమువారే ప్రధానమైన సైటులోని వ్రాతల జాబితాను చూచి తమకు కావలసినదానిని తామే రప్పించుకొనవచ్చును. మొదటిది వడ్డించుట, రెండవది అడిగి పెట్టించుకొనుట. ఇంతవఱకు నకలునకును దీనికిని భేదము లేనట్లే తోచును. భేదమంతయు పిమ్మటనున్నది. ఈ ప్రతి లంకెగల ప్రతి. మూలములో తేదీ మార్చి భద్రపఱచిన వెంటనే, పంపిన ప్రతులన్నిటిలోను ఆ తేదీ తానే మాఱును. గ్రామపు సైటును చూచుకొను యువకుడు దానిని తెఱచినచో, ఇది ఫలానా సైటునుండి వచ్చినదని అందులో వ్రాసియుండును; అతడు దానిమీద కలము పెట్టుటకు వీలుండదు. పెట్టితీఱవలెనని తలంచినచో ముందు లంకె తెంపుకొనవలెను. తెంపిన పిమ్మట ఆ వ్రాత అతనిదే, బాధ్యతయు అతనిదే. మనసు మాఱినచో మరల లంకె కలుపుకొనవచ్చును.

సైట్లు ఒకే గృహముననుండక వేఱువేఱు ఊళ్లలో వేఱువేఱు యజమానుల క్రింద నున్నను ఈ పని సాగును. అప్పుడు రెండిండ్ల నడుమ ఒక ద్వారము కావలెను. అట్టి ద్వారము 2016 డిసెంబరులో వెలువడిన 4.7 కూర్పుతో వర్డుప్రెస్‌లో నిండుగా అమరినది. దీనిని రెస్ట్ ఏపీఐ అందురు. ఆ యింటివారు తాళపుచెవి యిచ్చినగాని ద్వారము తెఱచుకొనదు. ఇరువైపులను ఆ ప్లగిన్ ఉండినగాని పని పూర్ణముగా జరుగదు.

శ్రోతలలో ఎవరికైనను ఒక సందేహము కలుగవచ్చును. ఒకే వ్రాత ఎనిమిది చోట్లనున్నచో, గూగుల్ వంటి వెదకెడి యంత్రములు దేనిని ముందు చూపును? పాతబడిన ప్రతిని చూపినచో మరల మొదటి కష్టమే గదా? ఈ చిక్కును తొలగించుటకు 2009వ సంవత్సరము ఫిబ్రవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడు సంస్థలును కలిసి యొక గుర్తును అంగీకరించినవి. పుటలో చదువరి కంటికి కనబడని చోట, దీని మూలము ఫలానా చిరునామాలో నున్నదని ఒక పంక్తి వ్రాసియుంచుటయే ఆ గుర్తు. యంత్రము దానిని ఆజ్ఞగా కాక సూచనగా గ్రహించును. నేను చెప్పిన ప్లగిన్ ప్రతి యొక్క ప్రతిలోను ఈ పంక్తిని తానే చేర్చును. ఇట్టి పంక్తి తాళపత్రముల చివర నుండినచో బ్రౌను దొరగారి పండితులకు ఎంత శ్రమ తప్పియుండెడిదో!

ప్రతి యనునదే లేకుండ నడచు పద్ధతియు నొకటి కలదు. 2004 సెప్టెంబరులో మొదలైన వికీమీడియా కామన్స్ అను బొమ్మల భాండాగారము అట్టిది. గోలకొండ కోట చిత్రమొకటి అందులో నుంచినచో, తెలుగు వికీపీడియాయు, తమిళ వికీపీడియాయు, ఆంగ్ల వికీపీడియాయు దానిని తమ పుటలలో చూపును. చిత్రము మాత్రము అక్కడ నొక్కటియే. దానికంటె మంచి చిత్రమును అదే పేరున నుంచినచో అన్ని భాషలలోను మాఱును. ఇది రేడియో పద్ధతి. అయితే రేడియోకున్న లోపమే దీనికిని కలదు. ఢిల్లీలో ఆగినచో అన్ని యూళ్లలోను మౌనమే. ఆ చిత్రమునకు హక్కుదారు వేఱొకడని తేలి భాండాగారమునుండి తొలగించినచో, దానిని వాడుకొన్న భాషలన్నిటిలోను ఆ చోటు బోసిపోవును.

తెలుగువారికి ఈ విషయమున ఒక ప్రత్యేకమైన కష్టముండెడిది. 1990వ దశకపు చివరి యేండ్లలోను, ఆ పిమ్మట కొన్నియేండ్లును తెలుగు పత్రికల సైట్లు పెక్కు తమ తమ స్వంత అక్షరరూపములతో నడచినవి. ఒకరి వ్రాతను ఎత్తి మఱియొకరి సైటులో నుంచినచో తెలుగక్షరములకు మాఱుగా పిచ్చిగీతలు కనబడెడివి. 1991వ సంవత్సరమున వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు దొరికినను, అది సైట్లన్నిటిలోను వాడుకలోనికి వచ్చుటకు ఎన్నో యేండ్లు పట్టినది. ప్రతి యక్షరమునకును లోకమంతటను ఒకటే సంఖ్య యుండవలెననుట యూనికోడు పద్ధతి. ఆ పద్ధతి స్థిరపడనిదే నేను చెప్పిన జడ్డిగములో పోయుటకు తెలుగు గింజలే లేవు.

ఇక వైద్యశాల సంగతి. ఎనిమిది సైట్లను ఒక గృహమునకు తెచ్చి, ప్లగిన్ తగిలించి, ప్రకటనలు ప్రధానమైన సైటునుండియే పంపునట్లు ఏర్పఱచితిని. ఇది కొన్ని దినముల పని. అసలు కష్టము అటుపిమ్మట వచ్చినది. గ్రామముల యువకులు ఒప్పుకొనలేదు. వారి మాటలో న్యాయము కలదు. "మా ఊరినుండి బస్సు ఎన్ని గంటలకో, ఎవరి యరుగుమీద పేర్లు వ్రాసికొనెదరో ప్రధానకార్యాలయములోని వారికి తెలియదు గదండీ. ఇంతకు ముందు ఆ ముక్క మేము చేర్చుకొనెడివారము. ఇప్పుడు మా చేతిలో కలము లాగికొనినారు" అని వారిలో నొకడు నాతో ననెను. మఱియొక భయము కార్యాలయపు గుమాస్తా చెప్పెను. ఆయన వయసు మీఱినవాడు, నిదానస్థుడు. "ఇదివఱకు నేను తప్పు వ్రాసినచో ఒక్కచోట తప్పు. ఇప్పుడు ఒక్క క్షణములో ఎనిమిది చోట్ల తప్పు" అనెను. దిద్దుబాటు ఎంత వేగముగా పోవునో తప్పును అంత వేగముగానే పోవును. ఇది నిజము. ప్లగిన్ రెండింటికిని భేదము ఎఱుగదు.

అందుచేత వ్రాతను రెండుగా విభజించితిమి. తేదీ, స్థలము, వైద్యుడు, రోగి తెచ్చుకొనవలసిన కాగితములు, ఇవి మూలములో నుండవలెను. వీనిని గ్రామములవారు ముట్టరాదు. బస్సు, పేర్లు వ్రాసికొనువారి యిల్లు, తోడు వచ్చువారు, ఇవి ఏ యూరికాయూరివారు వేఱొక పుటలో వ్రాసికొనవలెను. ప్రకటన చివర ఆ పుటను చూడుడని యొక పంక్తి చేర్చితిమి. గుమాస్తాగారి భయమునకు మందు కంప్యూటరులో దొరకలేదు. ఆయన వ్రాసినదానిని ఇంకొకరు చదివి సరియనినగాని పంపరాదని నియమము పెట్టుకొనిరి. చదువు పని అక్కడి దాదిగారికి అప్పగించిరి. మొదటి నెలలోనే ఆమె రెండు తప్పులు పట్టెను. అందొకటి రక్తపరీక్షకు పరగడుపున రావలెనా, తిని రావలెనా యను మాట. అది అట్లే పోయియుండినచో ఎందఱు మధుమేహరోగులు ఆకలితో పడియుండెడివారో!

అయినను తేదీ మాఱినప్పుడెల్ల ప్రతి యూరిలోను దండోరా వేయించుడని నేను వారితో చెప్పితిని. పాత తేదీని ఇదివఱకే చదివి మనస్సులో పెట్టుకొన్న ముసలివాడు మరల సైటు చూడడు. అతని మనస్సులోని ప్రతికి ఏ ప్లగిన్‌తోను లంకె లేదు. దండోరాకు వారు కొంత సందేహించిరి గాని, ఒప్పుకొనిరి.

గడచిన వేసవిలో ఆ వైద్యశాలవారు జరిగిపోయిన శిబిరముల పుటలను ప్రధానమైన సైటునుండి తీసివేసిరి. మూలము పోయినంత మాత్రమున ప్రతులు పోవు. మూలము తొలగింపబడినదని గుర్తు పడి, లంకె తెగి, గ్రామముల యువకుల చేతికి వచ్చును; పుటతోబాటు వచ్చిన ఛాయాచిత్రములును ఆ సైటులోనే మిగులును. ఏడింటిలో మూడు గ్రామములవారు అక్కఱ తీఱినవని వానిని చెఱపివేసిరి. నలుగురు ఉంచుకొనిరి. కట్టు విప్పిన దినమున తీసిన చిత్రములలో తమ యూరి పెద్దలున్నారు గనుక తీయుటకు చేతులు రాలేదని చెప్పిరి.